అస్వాంగ్ అనేది ఒక్క దెయ్యం పేరు కాదు

ఫిలిప్పీన్స్ దెయ్యాల గురించి నెట్‌లో వెతికితే మొదట తగిలే మాట అస్వాంగ్. దాని పక్కనే "ఫిలిప్పీన్స్ డ్రాక్యులా" అనో, "రక్తం తాగే రాక్షసి" అనో ఒక ముక్క వివరణ ఉంటుంది. అది సగం కూడా నిజం కాదు. దేశం నడిమధ్య ఉన్న విసాయస్ దీవుల్లో ఒక ఊళ్ళో అస్వాంగ్ అంటే రాత్రిపూట నల్ల పందిగా మారే పక్కింటావిడ. ఇంకో ఊళ్ళో శవాన్ని ఎత్తుకుపోయి దాని స్థానంలో అరటి బోదె పెట్టి వెళ్ళేది. మరో చోట నడుము దగ్గర తెగి, కింది సగాన్ని పొదల్లో నిలబెట్టి, పై సగంతో ఎగిరిపోయేది. ఒకరికొకరికి పోలికే లేని ఇన్నింటికీ ఒకే పేరు ఎలా సరిపోయింది, పక్కనే విడివిడిగా ఇంకా అన్ని పేర్లు ఎందుకున్నాయి అనేది తేల్చుకుంటే తప్ప ఈ కథలు అర్థం కావు.

జానపద పరిశోధకుడు మాక్సిమో రామోస్ 1971లో ఈ చిక్కుముడిని విప్పే ప్రయత్నం చేశాడు. జనం అస్వాంగ్ అని పిలిచేవాటిని అయిదు రకాలుగా విడదీశాడు: రక్తం పీల్చేవి, పేగుల్నీ కడుపులో పిండాన్నీ పీల్చేవి, జంతువుగా మారే మనుషులు, పగబట్టి రోగాలు తెప్పించే మంత్రగత్తెలు, శవాలు తినేవి. ఇది చాలా పనికొచ్చే విభజన. కానీ చదివేవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది ఏంటంటే, ఇది పరిశోధకుడి బల్ల మీద జరిగిన విభజన. ఊళ్ళో కథ చెప్పే ముసలావిడ ఈ అయిదు గళ్ళూ చూసుకుని చెప్పదు. ఒకే కథలో ఒకే మనిషి కుక్కగా మారుతుంది, గర్భిణి ఇంటి కప్పెక్కుతుంది, ఆ తర్వాత సమాధి తవ్వుతుంది.

ఈ అయిదింటినీ కలిపే దారం ఒకటుంది. అస్వాంగ్ పగలు మనిషి. మామూలు మనిషి. బజారుకెళ్తుంది, చర్చి దగ్గర కనబడుతుంది, కాస్త మాటలు తక్కువ, రాత్రంతా నిద్ర లేనట్టు కళ్ళు ఎర్రగా ఉంటాయి, అంతే తేడా. దొంగ పక్కింట్లో ఉండటం కన్నా అస్వాంగ్ ఉండటమే నయం అని అక్కడ ఒక పాత మాట ఉంది, ఎందుకంటే అస్వాంగ్ ఇరుగుపొరుగు జోలికి పోదట, వేటకి దూరపు ఊళ్ళకే వెళ్తుందట. అంటే ఆ ఊహలోనే పక్కింటి మనిషి ఉంది. రూపం మార్చుకోవడం అనేది ఈ కథలకి అలంకారం కాదు, ప్రాణం. రూపం మారకపోతే అది అడవిలో జంతువు. మారుతుంది కాబట్టే అది ఎవరైనా కావచ్చు.

రాతలో దొరికే పాత ఆధారాల్లో బాగా తెలిసింది 1589 నాటిది. హువాన్ దె ప్లాసెన్సియా అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి మనీలా చుట్టుపక్కల ఉండే తగలోగుల ఆచారాల గురించి ఒక నివేదిక రాశాడు. అందులో సైతాను పూజారులు అంటూ 12 రకాల మనుషుల్ని వరసపెట్టాడు. ఆ జాబితాని కాస్త నిదానంగా చూడాలి. మొదటి పేరు కతలోనన్. అది దెయ్యం కాదు, పూజలు చేసే పూజారిణి, ఊళ్ళో గౌరవం ఉన్న మనిషి. తర్వాత మంగగవాయ్, జబ్బు నయం చేస్తున్నట్టు నటిస్తూ మందుపెట్టి చంపే మంత్రగత్తె. మంకొకొలాం, రాత్రిపూట ఒంట్లోంచి మంట వెళ్ళగక్కేవాడు. హొక్లొబాన్, చెయ్యెత్తితే చాలు ఎదుటి మనిషి చస్తాడు. సిలాగన్, తెల్లబట్టలు కట్టుకున్న మనిషి కనబడితే కాలేయం పీకి తినేస్తాడు. ఏడో పేరు మగ్‌తతంగల్, తల తీసి చేత్తో పట్టుకుని తిరిగి తెల్లారేసరికి మళ్ళీ ఒంటికి అతికించుకునేవాడు. ఎనిమిదో పేరు ఒసువాంగ్, అంటే ఇవాళ్టి అస్వాంగే: ఎగురుతాడు, మనుషుల్ని చంపి మాంసం తింటాడు. ఆ పక్కనే వశీకరణ మందులిచ్చే మంగగయోమా, జోస్యం చెప్పే పంగతహోవన్. చివరిపేరు బయొగిన్, ఆడవాళ్ళ స్వభావంతో ఉండే మగవాడు.

అంటే ఒక పూజారిణి, ఒక జోస్యుడు, ఆడతనం ఉన్న ఒక మగవాడు, ఎగిరొచ్చి మాంసం తినే ఒక పిశాచి, అందరూ ఒకే వరసలో, ఒకే శీర్షిక కింద. ఊరివాళ్ళ దృష్టిలో కతలోనన్‌కీ అస్వాంగ్‌కీ మధ్య ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా. కొత్త మతం తెచ్చినవాడి కలానికి ఆ తేడా కనబడలేదు, లేదా కనబడినా అక్కర్లేకపోయింది. విసాయస్‌లో బబయ్‌లాన్ అని పిలిచే పూజారిణుల్ని తర్వాతి కాలంలో మంత్రగత్తెలుగా, అస్వాంగులుగా ముద్రవేశారని అక్కడి చరిత్రకారులు, స్త్రీవాద రచయితలు చాలామంది వాదిస్తారు. ఈ జాబితా చూశాక ఆ వాదన గాల్లోంచి పుట్టింది కాదని ఒప్పుకోవాలి. అలాగని అస్వాంగ్ స్పెయిన్‌వాళ్ళు సృష్టించింది అనడం కూడా తప్పే. పేరూ భయమూ ముందే ఉన్నాయి. ఆ పేరు ఎవరి మీద పడాలి అన్నదే మారింది.

ఇంకో ముఖ్యమైన ముక్క: ఒసువాంగ్ విసాయన్ దీవుల సంగతి, తగలోగుల దగ్గర అలాంటిది లేదు అని ప్లాసెన్సియా స్పష్టంగా రాశాడు. ఇవాళ మనీలాలో చిన్నపిల్లాణ్ణి అడిగినా అస్వాంగ్ అంటే చెప్తాడు. అంటే ఒక ప్రాంతపు మాట దేశమంతా పాకి, దారిలో ఎదురైన స్థానిక పిశాచాలన్నింటినీ తనలో కలిపేసుకుంది. ఇప్పుడది గంపగుత్త పేరు అయిందంటే కారణం ఇదే. బికోల్ ప్రాంతంలో అయితే అసువాంగ్ అసలు పక్కింటి మనిషే కాదు, ఒక చెడ్డ దేవుడు. మయోన్ అగ్నిపర్వతం మీదుండే గుగురాంగ్ అనే దేవుడితో పోట్లాడి నిప్పు దొంగిలించేవాడు, అతని ఇల్లు మలినావ్ కొండ.

ఈ మాట ఎక్కడినుంచి వచ్చింది అంటే కొందరు సంస్కృతం 'అసుర' వైపు చూపిస్తారు, మనకి వినడానికి భలే నచ్చుతుంది కూడా. కుక్కని తగలోగ్‌లో ఆసో అంటారు కాబట్టి అందులోంచి వచ్చిందని ఇంకొందరు. రెండూ శబ్దం పోలిక మీద నిలబడ్డవే, దాని మీద మేడలు కట్టకపోవడం మంచిది. అక్కడి అడవి దేవతల్ని పిలిచే 'దివాతా' మాత్రం నిస్సందేహంగా మన దేవతే. ఆ మాటకొస్తే మిందనావ్ దీవిలో మరనావ్ ముస్లింల దగ్గర మహారాదియా లావన అనే కథ ఉంది, లావన అంటే రావణుడే. మారీచుడి బంగారు లేడి చోట అక్కడ మేక వస్తుంది. రూపం మార్చి మోసం చేసే ఊహ మన వైపు నుంచి సముద్రం దాటిందనడానికి అది గట్టి సాక్ష్యం, అస్వాంగ్ కాదు.

మననంగ్గల్ దగ్గరికొద్దాం, ఎక్కువమందికి ఒళ్ళు జలదరించేది దీనితోనే. తంగ్గల్ అంటే ఊడదీయడం, విడగొట్టడం. మననంగ్గల్ అంటే తన్ను తాను విడగొట్టుకునేది. రాత్రి ఒంటికి నూనె రాసుకుని, నడుము దగ్గర తెగి, గబ్బిలం రెక్కలతో పేగులు వేలాడుతూ ఎగురుతుంది. గర్భిణి ఉన్న ఇంటి కప్పు మీద వాలి, దారమంత సన్నటి పొడుగాటి నాలుక కిందికి దింపి కడుపులో పిండాన్ని పీలుస్తుంది. ఎక్కడో వదిలేసిన కింది సగం మీద ఉప్పు, బూడిద, వెల్లుల్లి లాంటివి చల్లితే మళ్ళీ అతుక్కోలేదు, తెల్లారేసరికి చచ్చిపోతుంది.

ఈ వర్ణనలో ప్రతి వివరమూ అక్కడి పాత ఇంటికి సరిపోతుంది. నీపా ఆకు కప్పు, వెదురు బద్దల నేల, కర్రల మీద ఎత్తుగా కట్టిన ఇల్లు, కింద ఖాళీ. కప్పులోంచి సన్నటిదేదైనా దిగొచ్చు, నేల సందుల్లోంచి కింద ఏదైనా మెదిలితే వినబడుతుంది. భార్యకి నొప్పులు మొదలైతే భర్త ఇటాక్ అనే పెద్ద కత్తి పట్టుకుని ఇంటి కింద తిరుగుతూ గాల్లో ఝాడించడం చాలాచోట్ల ఉన్న ఆచారం. ఇంట్లో తిరండి (స్టింగ్‌రే) అనే సముద్రపు చేప ఎండు తోక పెట్టుకుంటారు, అస్వాంగ్‌కి అది కొరడా. గర్భస్రావమూ, కాన్పులో తల్లీబిడ్డల చావూ ఎందుకొస్తాయో చెప్పేవాడు లేని రోజుల్లో, ఆ రాత్రి ఆ ఇంట్లో మగవాడు చెయ్యడానికి ఏదో ఒక పని ఉండాలి కదా. ఆ భయాన్ని వెక్కిరించడానికి మనసొప్పదు.

ఇలా తెగి ఎగిరేది ఒక్క ఫిలిప్పీన్స్‌లోనే లేదు. మలయాలో పెనంగ్గలన్ ఉంది, పేరులో అదే ధాతువు. థాయిలాండ్‌లో క్రసూ, కంబోడియాలో ఆప్. కాకపోతే వాటిలో తలా పేగులూ మాత్రమే ఎగురుతాయి, ఫిలిప్పీన్స్‌లో ఇవాళ్టి రూపం నడుము దగ్గర తెగేది. ప్లాసెన్సియా రాసిన మగ్‌తతంగల్ తల తీసేవాడే అన్నది ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1589లో ఆయన విన్న కథ మిగతా ఆగ్నేయాసియా కథకి ఇప్పటికన్నా దగ్గరగా ఉంది. పైగా అది ఎక్కడ జరిగిందో కూడా రాసి, తనకి మాత్రం కట్టుకథలా అనిపించిందన్నాడు.

ఇక చప్పుడుని బట్టి పెట్టిన పేర్లు. టిక్‌టిక్, వక్‌వక్, కిక్‌కిక్. ఇవి రాత్రిపూట వినబడే పక్షి కూతలు, రెక్కల చప్పుళ్ళు. కొన్ని ఊళ్ళలో టిక్‌టిక్ అంటే అస్వాంగే, కొన్నిచోట్ల దానికి ముందు ఎగిరే తోడు పక్షి. వక్‌వక్ విసాయస్‌లో ఎక్కువ. వీటి గురించి చెప్పే లక్షణం ఒకటి వింటే వెన్నులో చలి పుడుతుంది: చప్పుడు గట్టిగా వినబడితే అది దూరంగా ఉన్నట్టు, సన్నగా వినబడితే దగ్గరికొచ్చినట్టు. అంటే నిశ్శబ్దం కూడా ప్రమాదమే, ఎటు చూసినా టెన్షనే. ఇదే లక్షణం ఎక్కడో సులు సముద్రంలోని కగయాన్ సులు దీవిలో బెర్బలాంగ్ అనేవాటికి కూడా ఉందని 1896లో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ పత్రికలో ఒక ఇంగ్లీషు యాత్రికుడు రాశాడు. భాష వేరు, మతం వేరు, పేరు వేరు, చప్పుడు సంగతి మాత్రం అదే. అన్నట్టు తగలోగ్‌లో టిక్‌టిక్ అంటే గూఢచారి, వేగు అనే అర్థం కూడా వాడుకలో ఉంది.

జంతువు సంగతికొస్తే, చాలామంది "ఫిలిప్పీన్స్ తోడేలు మనిషి" అని రాస్తుంటారు. ఆ దీవుల్లో తోడేళ్ళే లేవు. అక్కడ మనిషి మారేది ఊళ్ళో రోజూ తిరిగేవాటిలోకే: కుక్క, పంది, పిల్లి. రాత్రి దారిలో కనబడ్డ పెద్ద నల్ల పందిని కర్రతో కొడితే, మర్నాడు ఊళ్ళో ఎవరికో చెయ్యి విరిగి కట్టుతో కనబడుతుంది. ఈ కథ ఊరూరా ఉంటుంది. కొట్టినవాడి మాట తప్ప సాక్ష్యం ఉండదు, చెయ్యి విరిగినావిడ ఏం చెప్పినా ఎవరూ నమ్మరు.

ప్రాంతాన్ని బట్టి పేర్లు ఇంకా ఉన్నాయి. సమార్, లెయితె దీవుల వైపు అబట్ అంటారు. ఉత్తరాన ఉండే ఇలోకానోలు వాడే బొరోకా స్పానిష్‌లో మంత్రగత్తెకున్న బ్రూహా అనే మాటే. రక్తం తాగేదాన్ని తగలోగులు మందురూగో అంటారు, దుగో అంటే రక్తం. శవాలు తినేవాటికి పలవాన్‌లో తగ్బన్వాల దగ్గర బల్‌బల్, మిందనావ్‌లో బగోబోల దగ్గర బూసావ్. పనాయ్ దీవిలో అమలన్‌హిగ్ అని ఒకటుంది, దాని కథ వేరే రకం. అస్వాంగ్ గొంతులో నల్ల కోడిపిల్ల ఉంటుందనీ, చనిపోయే ముందు దాన్ని ఇంకొకరికి అప్పగిస్తేనే ప్రాణం పోతుందనీ నమ్మకం. అప్పగించకుండా పోయినవాళ్ళు కొయ్యబారిన శవంలా లేచి తరుముతారు, అదే అమలన్‌హిగ్. కీళ్ళు వంగవు కాబట్టి వంకరటింకరగా పరిగెత్తితే తప్పించుకోవచ్చట.

అస్వాంగ్ గంపలో పడని రూపధారులు కూడా ఉన్నాయి. టిక్‌బలాంగ్ గుర్రం తలతో ఉండే పొడుగాటి అడవి మనిషి, తెలిసినవాళ్ళ రూపంలో వచ్చి బాటసారిని దారి తప్పిస్తుంది, చొక్కా తిరగేసి తొడుక్కుంటే దారి కనబడుతుంది. ఎండలో వాన కురిస్తే మనం కుక్కకీ నక్కకీ పెళ్ళి అంటాం, అక్కడ టిక్‌బలాంగ్ పెళ్ళి అంటారు. తియానక్ పసిపాప రూపంలో అడవిలో ఏడుస్తుంది, ఎత్తుకుంటే కరుస్తుంది, బాప్తిస్మం కాకుండా చనిపోయిన బిడ్డ అది అంటారు. ప్లాసెన్సియా నాటికి మాత్రం పతియానక్ అంటే కాన్పులో పోయిన తల్లి రాత్రిపూట పెట్టే ఏడుపు. మలయాలో పొంతియానక్ అని ఇప్పటికీ ఆ తల్లినే అంటారు. ఫిలిప్పీన్స్‌లో పేరు తల్లి మీంచి బిడ్డ మీదికి జారింది, మధ్యలో బాప్తిస్మం వచ్చి చేరింది.

ఈ పేర్లు బతికున్న మనుషుల మీద ఎలా పనిచేశాయో చెప్పకపోతే ఇదంతా సరదా కథల కిందే మిగిలిపోతుంది. 1950ల మొదట్లో లుజోన్ దీవిలో హుక్ అనే కమ్యూనిస్టు గెరిల్లాల తిరుగుబాటు నడుస్తుండగా అమెరికన్ అధికారి ఎడ్వర్డ్ లాన్స్‌డేల్ ఒక ఎత్తు వేశాడు. దాని గురించి తర్వాత తన జ్ఞాపకాల్లో తనే రాసుకున్నాడు. కొండ మీద అస్వాంగ్ ఉందని ముందు ఊళ్ళో పుకారు వదిలారు. తర్వాత రాత్రి గస్తీలో ఆఖరున నడుస్తున్న గెరిల్లాని చప్పుడు లేకుండా పట్టుకుని, మెడ మీద రెండు రంధ్రాలు పొడిచి, కాళ్ళు పైకి కట్టి రక్తమంతా కార్చి, శవాన్ని దారిలో పడేశారు. మర్నాడు ఆ దళం కొండ ఖాళీ చేసింది. ఈ కథని చాలామంది తెలివైన యుద్ధతంత్రంగా చెప్పుకుంటారు. చంపింది ఒక మనిషిని, శవాన్ని బొమ్మలా వాడుకున్నారు, అందులో మెచ్చుకోవాల్సింది ఏముంది? పైగా మెడ మీద రెండు గాట్లు అనేది యూరప్ రక్తపిశాచి గుర్తు. సన్నటి నాలుకతో కడుపులోంచి పీల్చే అస్వాంగ్‌కి దానితో పనిలేదు. ఏది ఏదో చూసుకోకుండా అన్నింటినీ ఒకే పేరుతో చుట్టేయడం అక్కడ ఆయుధమే అయింది.

కపీజ్ సంగతి ఇంకోరకం బాధ. పనాయ్ దీవిలో ఉన్న ఈ ప్రావిన్సుకి అస్వాంగుల రాజధాని అని పేరు. ఆ ఊరివాళ్ళు మనీలాకి చదువుకో ఉద్యోగానికో వెళ్తే ఈ ఎగతాళి తప్పదు. ఎందుకొచ్చిందీ పేరు అంటే, ఒక వివరణ వైద్యశాస్త్రం నుంచి వచ్చింది. పనాయ్ వంశమూలాలున్న మగవాళ్ళలో, ముఖ్యంగా కపీజ్‌లో, ఒక అరుదైన నరాల జబ్బు ఉంది. తల్లి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా వస్తుంది, సాధారణంగా నలభై ఏళ్ళ ప్రాంతంలో బయటపడుతుంది. మెడ, దవడ, నాలుక, ఒళ్ళు వాటంతటవే మెలితిరుగుతాయి, తర్వాత పార్కిన్సన్ లక్షణాలు వస్తాయి. స్థానికంగా లుబాగ్ అంటారు, మెలిక అని అర్థం. డాక్టర్లు దీన్ని 1976లో వైద్య పత్రికలో వర్ణించారు. రాత్రి చీకట్లో నాలుక బయటపెట్టి మెలికలు తిరిగే మనిషిని చూసి జనం అస్వాంగ్ అనుకుని ఉంటారు అన్నది ఆ వివరణ.

కపీజ్‌కి చెడ్డపేరు అంటుకోవడంలో దీని పాత్ర ఉండొచ్చు. అస్వాంగ్ నమ్మకం మొత్తానికి మూలం ఇదే అంటే మాత్రం నిలవదు. లుబాగ్ ఎక్కువగా మగవాళ్ళకి వస్తుంది, కథల్లో అస్వాంగ్ ఎక్కువగా ఆడది. లుబాగ్ ఒక్క దీవి జబ్బు, అస్వాంగ్ కథలు దీవులన్నింటా ఉన్నాయి. పైగా రోగిని అస్వాంగ్‌కి మూలం అని పదేపదే రాయడం వల్ల ఆ కుటుంబాల మీద ముద్ర ఇంకాస్త గట్టిపడుతుంది. ఇప్పటికే ఒళ్ళు స్వాధీనంలో లేక అవస్థ పడేవాళ్ళకి అది అదనపు బరువు.

1992 ఎన్నికల రోజుల్లో మనీలాలోని టోండో బస్తీలో మననంగ్గల్ తిరుగుతోందని పుకారు లేచి పత్రికలకెక్కింది. వేళ్ళన్నీ ఒక ముసలావిడ వైపు తిరిగాయి. ఆవిడ కాదని తేల్చడానికి టీవీవాళ్ళ ముందు తిరండి తోకతో పరీక్ష జరిగింది. తెలుగు పల్లెల్లో చేతబడి, బాణామతి పేరుతో మనుషుల్ని చెట్లకి కట్టి కొట్టిన వార్తలు, చంపిన వార్తలు చదివినవాళ్ళకి ఇది దూరదేశపు వింతగా అనిపించదు. రెండుచోట్లా ముద్ర పడేది ఎక్కువగా ఒంటరివాళ్ళ మీద, ముసలివాళ్ళ మీద, ఊరితో తగాదా ఉన్నవాళ్ళ మీద. రెండుచోట్లా నిందని కాదని రుజువు చెయ్యడానికి దారి ఉండదు. కాకపోతే రూపం మారుతుంది అనే నమ్మకం ఆ నిందని ఇంకా పదునెక్కిస్తుంది. ఆ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను అంటే, ఇంట్లో ఉన్నది నీ కింది సగం అంటారు.

కపీజ్ రాజధాని రోక్సస్ సిటీలో 2000ల మధ్యలో కొందరు స్థానికులు ఆ చెడ్డపేరుని తిరగేసి వాడుకుందామని అస్వాంగ్ పండుగే మొదలుపెట్టారు. వేషాలు, ఊరేగింపులు, బయటి జనాన్ని రప్పించే ప్రయత్నం. చర్చి పెద్దలు గట్టిగా వ్యతిరేకించారు, దుష్టశక్తుల్ని ఊరేగిస్తారా అని. ఏ పేరు వింటే తలదించుకున్నారో ఆ పేరుతోనే తలెత్తుకోవాలని నిర్వాహకులు చూశారు, ఆ పేరు అసలు వినబడకపోతే చాలని మిగతావాళ్ళు కోరుకున్నారు. ఆ ఊరివాళ్ళే ఈ విషయంలో రెండుగా చీలిపోయారు, బయటివాళ్ళు తీర్పు చెప్పే వ్యవహారం కాదిది.